ఆయ్ అనకండి మాస్టారూ

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు. మా బజారంతా చామంతిపూల బుట్టలు, అరటి గెలలు, కొబ్బరికాయల బేరాలు. నా నెట్ సెంటర్లో మాత్రం ఈగలు తోలుకుంటున్నాను, పొద్దున్నించీ సర్వర్ డౌను. అప్పుడొచ్చారు మాస్టారు. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి. రిటైరై పదమూడేళ్ళయినా చొక్కా ఇస్త్రీ నలగనివ్వరు. ఆ రోజు గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు.

"రండి మాస్టారూ" అనబోతే పెదాల మీద వేలు పెట్టుకున్నారు. రెండో చేత్తో జేబు చూపించారు. జేబులో ఫోను నిలబెట్టి ఉంది, కెమెరా కన్ను బయటికి. "నీ వాట్సాప్‌కి ఒకటి పంపాను. ప్రింటు తియ్యి, సంతకం పెట్టాలి" అన్నారు, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా.

రెండు పేజీలు. పైన మూడు సింహాలు, కింద నీలం, ఎరుపు, ఊదా రంగు సీళ్ళు, మధ్యలో మాస్టారి ఆధార్ ఫోటో. సుప్రీంకోర్టు, సీబీఐ, ఈడీ, రిజర్వు బ్యాంకు అందరూ కలిసి ఒకే కాయితం మీద సంతకాలు పెట్టేశారు. నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని ప్రభుత్వ కాయితాలు ప్రింటు తీస్తున్నాను. ఒక సర్వే నంబరు మీద రెండు ఆఫీసులకి మాట కలవక రైతు చెప్పులరిగేలా తిరగడం చూశాను గానీ, నాలుగు శాఖలు ఒక పూటలో ఏకాభిప్రాయానికి రావడం చూడలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతాను. ముందు ఒక మాట చెప్పుకోవాలి.

ఇలాంటి ఫోన్ మోసం వార్త పేపర్లో పడ్డ ప్రతిసారీ మా టీ బడ్డీ దగ్గర ఒకటే తీర్పు: "అంత చదువుకున్నాడు, ఆ మాత్రం తెలీదా? ఆశండీ, ఆశ." లాటరీ తగిలిందనో, వారంలో డబ్బు రెట్టింపవుతుందనో నమ్మినవాడి సంగతైతే ఆ మాట కొంత చెల్లుతుంది. అధికారి పేరుతో వచ్చే ఫోనుకి మాత్రం అస్సలు చెల్లదు. ఆ ఫోను ఆశ ఉన్నవాణ్ణి వెతకదు. పరువున్నవాణ్ణి వెతుకుతుంది. జీవితంలో పోలీస్ స్టేషన్ గడప తొక్కనివాణ్ణి, పన్ను బాకీ పడనివాణ్ణి, కలెక్టరాఫీసు నుంచి ఉత్తరం వస్తే కళ్ళజోడు తుడుచుకుని నిలబడి చదివేవాణ్ణి. మా మాస్టారిలాంటి వాళ్ళని.

ఇంకొకటి కూడా ఉంది, అది మా గోదారి జిల్లాల సొంతం. ఫోనెత్తితే మేం "హలో" అనం. "ఆయ్, చెప్పండి" అంటాం. అవతల ఎవడైనా సరే, మధ్యలో ఫోను పెట్టేయడం మాకు ముఖం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. ఇంటికొచ్చినవాణ్ణి మంచినీళ్ళివ్వకుండా పంపని చోట, ఫోన్లో వచ్చినవాణ్ణి మాట పూర్తి కాకుండా పంపడం ఎలా? ఆ ఒక్క మొహమాటం మీదే వాడి వ్యాపారమంతా నడుస్తోంది. మాస్టారికి ఫోనొచ్చింది పొద్దున్న తొమ్మిదింటికి. నా షాపుకి వచ్చేసరికి రెండున్నర. ఈ అయిదున్నర గంటల్లో ఆయన ఎన్నిసార్లు "ఆయ్" అనుంటారో!

మొదట టెలికం వాళ్ళమన్నారట. మీ ఆధార్ మీద ముంబైలో సిమ్ తీశారు, దాంతో నేరాలు జరిగాయి, రెండు గంటల్లో మీ నంబర్లన్నీ ఆగిపోతాయి అన్నారు. తర్వాత "ముంబై పోలీసుకి కలుపుతున్నాం" అన్నారు. వీడియోలో ఖాకీ చొక్కా, వెనక జెండా. మనీ లాండరింగ్ కేసులో మీ పేరుంది, కెమెరా ఆపితే అరెస్టు, ఎవరికైనా చెబితే వాళ్ళనీ కేసులో కలుపుతాం. అమ్మగారు వ్రతానికని భీమవరంలో కూతురింటికి వెళ్ళారు, ఇంట్లో ఆయనొక్కరే. చివర్న ఒక దయగల పెద్దాఫీసరు లైన్లోకొచ్చాడు. మీరు మంచివాళ్ళలా ఉన్నారు, మీ ఎఫ్డీ సొమ్ము రిజర్వు బ్యాంకు తనిఖీ చేసి సాయంత్రానికి తిరిగి పంపేస్తుంది అన్నాడు. ప్రింటు మీద సంతకం పెట్టి ఫోటో పంపడం మొదటి పని, బ్యాంకుకెళ్ళి ఎఫ్డీ రద్దు చేయించడం రెండోది.

దీనికే డిజిటల్ అరెస్టు అని పేరు. ఇందులో ఒక్క ముక్కా కొత్తది కాదు. లూథియానాలో ఒక పెద్ద వస్త్ర పరిశ్రమాధిపతికి 2024లో వీడియోలో ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నడిపించి 7 కోట్లు లాగారు. 2025లో హర్యానాలోని అంబాలాలో వృద్ధ దంపతుల దగ్గర దొంగ కోర్టు ఉత్తర్వులు చూపించి కోటి రూపాయల పైన పట్టుకుపోతే, సుప్రీంకోర్టే తనంతట తాను కేసు చేపట్టి, డిసెంబరులో సీబీఐకి దర్యాప్తు అప్పగించింది. 2024 ఒక్క ఏడాదిలో ఈ తరహా ఫిర్యాదులు 1,23,672 అనీ, పోయిన సొమ్ము 1,935 కోట్ల రూపాయల పైమాటేననీ కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. సిగ్గుతో చెప్పుకోనివాళ్ళు ఆ లెక్కలో లేరు.

అరెస్టంటే ఏంటో చట్టంలో రాసే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 43వ సెక్షను: మనిషి తనంతట తాను లొంగిపోతే తప్ప, అరెస్టు చేసే పోలీసు అతని ఒంటి మీద చెయ్యి వెయ్యాలి, లేదా ఎటూ కదలకుండా పట్టుకోవాలి. ఫోనులోంచి చెయ్యి రాదు కదా! అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ప్రయాణ సమయం మినహాయించి. అది రాజ్యాంగంలోని 22వ అధికరణం. ఆడవాళ్ళని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మామూలుగా అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, ముందే మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. విచారణకి రమ్మనే పోలీసు నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలోనే తేల్చింది. ఆఖరికి కరెంటు తీసేయడానికి కూడా పద్ధతుంది. "ఈ రాత్రి తొమ్మిదిన్నరకి మీ కనెక్షన్ కట్, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని మెసేజీ వస్తుంటుంది చూడండి, 2003 విద్యుత్ చట్టం ప్రకారం బిల్లు బాకీ ఉన్నా 15 రోజులు గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అయినా మా లైన్‌మన్ రాత్రి తొమ్మిదిన్నరకి స్తంభమెక్కే మనిషి కాదు, గాలివానకి తీగ తెగినా పొద్దున్నే వస్తానంటాడు.

నేను మా షాపుకొచ్చే పెద్దవాళ్ళకి సెక్షన్లు చెప్పను, గుర్తుండవు. ఒకటే అడుగుతాను: బాబాయ్, ప్రభుత్వం ఎప్పుడైనా నీకు తనంతట తాను ఫోన్ చేసి అయిదు గంటలు ఓపిగ్గా మాట్లాడిందా? ఒక సంతకానికి ఎన్నిసార్లు తిరిగావు? అసలు ప్రభుత్వానికి అంత తీరికెక్కడిది, అంత తొందరెక్కడిది? తీరికా తొందరా రెండూ ఒకేసారి ఉన్నాయంటే వాడు దొంగే. దీనికి నవ్వుతారు. నవ్వింది గుర్తుంటుంది.

అయితే నవ్వేసి ఊరుకోలేను. ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

రోజంతా నా నోటి వెంట ఎక్కువసార్లు వచ్చే మాట "ఓటీపీ వచ్చిందా, చెప్పండి". పీఎం కిసాన్‌కి ఓటీపీ, పాన్ లింకుకి ఓటీపీ. గ్యాస్ బండ దింపితే అక్కడా ఒక కోడు. చాలామంది చదివి చెప్పరు కూడా, ఫోన్ తీసి నా చేతికే ఇచ్చేస్తారు. "నువ్వే చూసుకో అబ్బాయ్" అంటారు. వేలు పెట్టమంటే ఎందుకని అడక్కుండా పెడతారు. పథకాల పేరుతో పదేళ్ళపాటు అందరం కలిసి వాళ్ళకి నేర్పింది ఇదే: అడిగినవాడికి అంకె చెప్పు, చూపించినచోట వేలు పెట్టు, పని అవుతుంది. ఇప్పుడొచ్చి "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని తెలీదా" అని ఏ మొహం పెట్టుకుని తిడతాం?

పైగా ఇప్పుడు ప్రభుత్వమే వాట్సాప్‌లోకి వచ్చింది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది, సర్టిఫికెట్లు, బిల్లులు, దర్శనం టికెట్లు అందులోనే. మంచి సౌకర్యం, నేనూ వాడతాను. కానీ "ప్రభుత్వం వాట్సాప్‌లో రాదు" అని ముసలాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పే వీలు పోయింది. అందుకని తేడా ఎక్కడుందో పట్టుకుని చెప్పాల్సి వస్తోంది: మొదట పిలిచిందెవరు? నువ్వు నంబరు కనుక్కుని నువ్వు మెసేజీ పెట్టావా, వాళ్ళే నిన్ను పిలిచారా? వాళ్ళే పిలిస్తే, నిజమో అబద్ధమో తేల్చే పని నీకొద్దు. పెట్టెయ్. ఆఫీసుకెళ్ళి నువ్వే అడుగు, లేకపోతే పాస్‌బుక్ మీదో బిల్లు మీదో ఉన్న నంబరుకి నువ్వే చెయ్యి. నీ పేరు మీద నిజంగా వేరే సిమ్ ఉందేమోనని భయమేస్తే, టెలికం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్లో నీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో నిమిషంలో చూసుకోవచ్చు. నా దగ్గరికొస్తే నేనే చూపిస్తాను, డబ్బులొద్దు.

డబ్బులొద్దనడానికి కారణం ఉంది. మాస్టారికంటే రెండేళ్ళ ముందు ఒకావిడ వచ్చింది. మా పక్క లంక గ్రామం. భర్త కువైట్‌లో డ్రైవరు. కోనసీమలో ప్రతి వీధికీ ఒక కువైట్ ఇల్లుంటుంది, చెప్పక్కర్లేదు. "కస్టమ్స్ వాళ్ళు ఫోన్ చేశారండి, ఆయన పంపిన పార్సిల్లో బంగారం దొరికిందంట, పన్ను కట్టకపోతే ఆయన్ని అక్కడే లోపలేస్తారంట" అని పద్దెనిమిది వేలు నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. తన ఫోన్లో పేమెంట్ యాప్ లేదు. నా ఫోన్లోంచి పంపాను. నా కమీషను వెయ్యికి పది చొప్పున నూట ఎనభై తీసుకున్నాను. పంపేటప్పుడు అవతల పేరు ఏదో ఉత్తరాది పేరు పడింది, చూశాను. కస్టమ్స్ పన్ను ఒక మనిషి పేరు మీదకి వెళ్తుందా అని నాకు ఆ క్షణంలో తట్టలేదా? తట్టింది. వెనకాల నలుగురు లైన్లో ఉన్నారు.

మర్నాడు ఇంకో పాతిక వేలు పట్టుకొచ్చింది. అప్పుడడిగాను. భర్తకి ఫోన్ చేశావా అంటే, "ఎవరికీ చెప్పొద్దన్నారండి, చెబితే ఆయనకే ప్రమాదమన్నారు" అంది. అక్కడే కూర్చోబెట్టి కువైట్‌కి కలిపాను. ఆయన డ్యూటీలో ఉన్నాడు, పార్సిలూ లేదు, బంగారమూ లేదు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేశాం. అప్పటికి ఒక రోజు దాటిపోయింది, సొమ్ము అకౌంట్ల మీద అకౌంట్లు మారిపోయింది. పాతిక వేలు మిగిలాయి, పద్దెనిమిది పోయాయి. నూట ఎనభై తిరిగిచ్చేస్తే ఆవిడ తీసుకోలేదు, "మీరేం చేస్తారండి" అంది. ఆ మాట ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

1930 సంగతి ఇక్కడే చెప్పాలి. పోయిన సొమ్ము దొంగ అకౌంట్లోంచి ఇంకో అకౌంట్లోకి, అక్కడ్నించి ఏటీఎంలోకి దిగిపోయేలోపు పట్టుకుంటేనే ఆ నంబరు వల్ల ఫలితం. బ్యాంకుల్ని ఒకే వ్యవస్థలో కలిపి సొమ్ము ఎక్కడుందో అక్కడ ఆపించే ఏర్పాటు అది, 2021 నుంచి నడుస్తోంది. గంటలో చేస్తే ఒక దారి, మర్నాడు చేస్తే ఇంకో దారి. ఎవరితో చెప్పాలి, ఏమనుకుంటారు అని రాత్రంతా మంచం మీద దొర్లడం దొంగకిచ్చే రెండో కానుక. ఆ అకౌంట్లు ఎవరివనుకుంటున్నారు? నెలకింతని డబ్బిస్తామంటే పాస్‌బుక్కూ, ఏటీఎం కార్డూ, సిమ్మూ అప్పజెప్పిన కాలేజీ కుర్రాళ్ళవి. "అకౌంట్ ఖాళీగానే ఉంది కదన్నా" అని నన్నే సలహా అడిగినవాడున్నాడు. పోలీసులు మొదట వచ్చేది నీ ఇంటికే నాయనా అని చెప్పి పంపాను.

ఇంతకీ మాస్టారికి ఫోన్ చేసింది తెలుగువాడే. శుభ్రమైన మన కోస్తా యాస. మనవాడే మనకి ఎలా చేశాడని ఆయన చాలా రోజులు బాధపడ్డారు. నా బాధ వేరు. ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, ఇలాంటి ఫోన్లే చేయిస్తున్న ముఠా ఏజెంట్లని 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్ళినవాళ్ళు. ఇలాంటి "ఫారిన్ జాబ్" దరఖాస్తులు నా షాపులో కూడా ప్రింటయ్యాయి, ఎవరు ఎక్కడ తేలారో నాకు తెలీదు. మాస్టారిని బెదిరించిన గొంతు వెనక ఇంకెవడైనా కర్ర పట్టుకుని నిలబడ్డాడేమో ఎవరు చూడొచ్చారు? అయినా ఫోను పెట్టేయాల్సిందే. జాలి పడేదేదో పెట్టేశాక పడొచ్చు.

రైతుల గ్రూపుల్లో తిరిగే ఫైలు సంగతి క్లుప్తంగా. "పీఎం కిసాన్ లిస్టు", "ట్రాఫిక్ చలాన్" అని పేరుండి చివర ఏపీకే అన్న మూడక్షరాలుంటే అది లిస్టు కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి మెసేజీలు చదివే అనుమతిచ్చామా, ఓటీపీలు వాడికే నేరుగా వెళ్తాయి. మనల్ని అడిగే శ్రమ కూడా ఉండదు. స్టార్ 401 స్టార్ కొట్టి ఫలానా నంబరు నొక్కమంటే మన కాల్స్ వాడికి మళ్ళించుకోవడానికే. పొరపాటున నొక్కేస్తే ##002# కొట్టి డయల్ చేస్తే మళ్ళింపులు రద్దవుతాయి. వేలిముద్రతో డబ్బు తీస్తారని భయపడేవాళ్ళు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. కానీ లాక్ తియ్యడం మర్చిపోయి పింఛను రోజున వేలు పడక నా మీదికొస్తే మాత్రం నా పూచీ లేదు.

ఇవన్నీ తెలిసినా మనిషి ఆ సమయానికి మర్చిపోతాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ సైబర్ మోసాల హెచ్చరిక కాలర్ ట్యూన్ విన్నాం, విసుక్కున్నాం, చివరికి వినపడడమే మానేసింది. మాస్టారు కూడా విన్నవారే. పేపరు అక్షరం వదలకుండా చదువుతారు, డిజిటల్ అరెస్టు గురించి నాకంటే ముందే చదివారు. తెలియక కాదు. ఒంటరిగా ఉన్నారు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట ఒక్కటి తీసేయండి, ఈ మోసం మా ఊళ్ళో పది నిమిషాలు నిలవదు. ఒకప్పుడు అరుగు మీద పదిమంది ఉండేవారు. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో మధ్యాహ్నానికి ఊరంతా తెలిసేది. ఇప్పుడు పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో. రెండంతస్తుల ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళు, ఒక ఫోను.

అందుకే నా వాదన ఒకటుంది, చాలామందికి నచ్చదు. మా ఊళ్ళవాళ్ళకి ఆరాలెక్కువని తిట్టుకుంటాం కదా, ఆ ఆరానే మనం మళ్ళీ అలవాటు చేసుకోవాలి. నేనిప్పుడు డబ్బు పంపడానికి వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతాను: ఎవరికి, ఎందుకు, ఎవరు పంపమన్నారు. "నీకెందుకయ్యా" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. బ్యాంకులో పనిచేసే మా మరదలు "బావా, కస్టమర్ పర్సనల్ విషయం అడిగే హక్కు మనకెక్కడిది" అంది. అది సబబే, వాళ్ళ ఉద్యోగానికి హద్దులుంటాయి. కానీ డెబ్బై దాటినాయన గడువు ముందే ఎఫ్డీ రద్దు చేయమంటూ చెమటలు కక్కుతూ కౌంటర్ ముందు నిలబడితే, "అంతా కులాసానా మాస్టారూ, ఇంట్లో ఎవరికైనా బాలేదా" అని అడగడానికి హక్కుతో పనేంటి? అడిగితే కోపమొస్తుంది. వస్తే వచ్చింది.

సరే, ఆ గురువారం మధ్యాహ్నానికొస్తాను. జేబులో ఫోను వింటోంది కాబట్టి ప్రింటు వెనక పెన్నుతో రాశాను: "మాస్టారూ వీళ్ళు దొంగలు. ఫోన్ పెట్టేయండి." ఆయన చదివి, నా పెన్ను తీసుకుని, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "కాదు. కేసు నెంబరు ఉంది" అని రాశారు. నేను "అది ఎవరైనా టైపు చేయొచ్చు" అని రాశాను. ఆయన "నాకు సంబంధం లేదని నిరూపించుకోవాలి" అని రాశారు. చెయ్యి వణుకుతోంది, అక్షరం మాత్రం గీత దాటలేదు.

ఏం చేయాలో తోచక కాయితం తిరగేసి చదివాను. అక్కడ దొరికింది. కట్టాల్సిన సొమ్ము అంకెల్లో 9,80,000. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తొమ్మిది లక్షల పద్దెనిమిది వేలు. ఎర్రపెన్ను తీసి రెండిటి కిందా గీత గీసి ఆయన ముందు పెట్టాను. ఆ తప్పుకి ఎనిమిదో తరగతిలో నా వేళ్ళ కణుపుల మీద డస్టర్ తిరగేసి కొట్టిన మనిషి ఆయన.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. మళ్ళీ చూశారు. జేబులోంచి ఫోన్ తీసి, కెమెరాకేసి తిరిగి, ఎంతో మర్యాదగా అన్నారు: "అయ్యా, ఇందులో అంకెలకీ అక్షరాలకీ పొంతన లేదండి. సరిచేసి మళ్ళీ పంపుతారా?"

అవతలివాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, "ఏయ్ ముసలోడా, చెప్పింది చెయ్" అన్నాడు.

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఆయన్ని ఏయ్ అన్నవాడు లేడు. మాస్టారు ఫోన్ కట్ చేసి, కాయితం నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్ళిచ్చాను. "ఎంతయింది ప్రింటుకి" అన్నారు. తర్వాత ఓ నెల రోజులు మా వీధిలోకే రాలేదు.

మొన్న లైఫ్ సర్టిఫికెట్‌కి వచ్చారు. మొబైల్లో ముఖం పట్టించే యాప్ ఆయన్ని మూడుసార్లు తిప్పికొట్టింది. అంతలో ఆయన ఫోన్ మోగింది. ఎత్తి "ఆ..." అని ఆగిపోయారు.

"ఎవరండీ మాట్లాడేది?"

"గ్యాసండి, ఇంటి దగ్గరున్నానండి. కోడ్ చెబితే బండ దింపేసి వెళ్ళిపోతానండి."

"కోడు చెప్పను. మీ ఆఫీసుకి నేనే వస్తాను" అని పెట్టేశారు.

"మాస్టారూ, వాడు నిజంగా గ్యాసబ్బాయేనండి" అన్నాను.

"తెలుసురా. గొంతు గుర్తుపట్టాను."

"మరి?"

"ప్రాక్టీసు" అన్నారు.

ఆ రోజు వాళ్ళింటికి బండ రాలేదు. రాత్రికి హోటల్ ఇడ్లీ. మర్నాడు సాయంత్రం దాకా అమ్మగారు ఆయనతో మాట్లాడలేదట.